చెంబెడు వాన

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. చదువుకున్నవాణ్ని కాబట్టి లేదనుకుంటే పొరపాటు. మా వైపు కొత్త కారు కొన్న ఇంజనీరు కూడా చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాకే బండి కదిలిస్తాడు. నాకు ఆ నమ్మకం లేకుండా చేసింది నా ఉద్యోగం.

నేను ఆన్‌సైట్ సపోర్ట్ ఇంజనీర్ని. పేరు గొప్పగానే ఉంటుంది. పని మాత్రం, అనంతపురం చుట్టుపక్కల ఏ ఆఫీసులో ఏ మిషను మొరాయించినా బ్యాగు తగిలించుకుని బండేసుకుని పోవడం. నేను పోయేసరికి అక్కడివాళ్లు ఒక కథ అల్లి పెట్టి ఉంటారు. పామిడి దగ్గర ఒక ఆఫీసులో ప్రింటరు తనంతట తానే కాగితాలు కక్కుతోందని దానికి కుంకుమ పెట్టి కర్పూరం వెలిగించారు. చూస్తే, పక్క గదిలో కొత్తగా చేరిన గుమాస్తా తన కాగితాలన్నీ ఈ ప్రింటరుకే పంపుతూ, తన ప్రింటరు పని చెయ్యడం లేదని దాన్ని తిడుతూ కూర్చున్నాడు. కదిరిలో ఇంకొకచోట రోజూ వంట వేళకు సిస్టమ్‌లన్నీ ఆగిపోయేవి. వాస్తు బాగాలేదని గోడ పగలగొట్టించే దాకా వచ్చింది వ్యవహారం. వంటామె గ్రైండరు వేస్తే లైను ఆ బరువు మోయలేకపోతోంది, అంతే.

ఇలాంటివి చూసి చూసి నాకు మొండితనం అబ్బింది. దయ్యం అన్నచోట ఓపిగ్గా వెతికితే ఒక వదులు వైరో, ఎలుకో, మనిషో దొరికి తీరాలి. ఇప్పుడు చెప్పబోయే దాంట్లో కూడా మొదట మనిషే దొరికింది. సంగతి అక్కడితో ఆగిపోయి ఉంటే నేను ఇది రాసేవాణ్ని కాదు.

మా కంపెనీ కంప్యూటర్లతో పాటు పల్లెల్లో వాతావరణ కేంద్రాలు కూడా చూసుకుంటుంది. కేంద్రం అంటే పెద్ద కట్టడం అనుకునేరు. ముళ్లకంచె, దానికో గేటు, లోపల ఒక ఇనుప స్తంభం, సోలారు పలక, సిమ్ కార్డు వేసిన ఒక పెట్టె, పక్కనే పొట్టి గుంజ మీద వాన కొలిచే డబ్బా. ఊళ్లలో దాన్ని వాన డబ్బా అంటారు. డబ్బా పైన వెడల్పాటి గరాటు ఉంటుంది. లోపల రెండు చిన్న దొప్పలు త్రాసులాగా అటూ ఇటూ ఊగుతాయి. గరాటులోంచి కారిన నీళ్లు ఒక దొప్పలో నిండగానే అది టక్కుమని వాలుతుంది, రెండోది పైకొస్తుంది. ఒక్కో టక్కుకు ఇంత వాన అని ఆ పెట్టె పైకి పంపుతుంది. వాలిన నీళ్లు డబ్బా అడుగున రంధ్రాల్లోంచి మట్టిలో కలిసిపోతాయి.

మా నేల మీద ఆ డబ్బా మాటకు ఉన్న విలువ ఎవరి మాటకూ లేదు. వేరుశనగ విత్తాక వాన ముఖం చాటేస్తే, ఇన్నాళ్లు చుక్క పడలేదని ఆ డబ్బా చెబితేనే ఊరికి పంటల బీమా వస్తుంది. రైతు ఏడ్చినా లాభం లేదు, ఎండిన చెట్టు పీక్కుపోయి ఆఫీసరు బల్ల మీద పడేసినా లాభం లేదు.

మొన్నామధ్య ఒక ఏడాది, విత్తనం పడి చేలు మొలకెత్తిన కాలంలో, బాషా ఫోన్ చేశాడు. శింగనమల దాటి బాగా లోపలికి పోతే వచ్చే ఒక ఊళ్లో, గ్రామ సచివాలయంలో వ్యవసాయం పనులు చూసే కుర్రాడు. ఊరి పేరు చెప్పను. ఆ ఊరివాళ్లు పడింది చాలు.

"అన్నా, మా ఊర్లో దినామూ వాన పడతాండాది," అన్నాడు.

పడితే మంచిదే కదప్పా అన్నాను.

"కంప్యూటర్లో పడతాండాదన్నా. చేన్లో పడల్యా."

నేను పోయేసరికి సచివాలయం ముందర రైతులు గుంపుగా నిలబడి ఉన్నారు. వాళ్లలో పెద్దాయన నారాయణరెడ్డి. ఉన్న భూమంతా వానను నమ్ముకున్నదే. ఊళ్లో ఏ గొడవైనా ముందు ఆయన దగ్గరికే పోతుంది. నన్ను కిందినుంచి పైదాకా చూసి, "ఏమప్పా, నీ డబ్బాకు కండ్లు కనపడవా? మబ్బు ల్యాకుండా వాన యాడిదిరా సామీ అని సిన్నపిల్లోళ్లు గూడా నగుతాండారు," అన్నాడు. ఆయన కోపంలో తప్పేమీ లేదు. అప్పటికి చేలు వాడిపోయి ఆకులు ముడుచుకుంటున్నాయి. ఆ దొంగ వాన లెక్కలోకి ఎక్కితే బీమా ఊసే ఉండదు.

నేను లోపల కూర్చుని లెక్కలు బయటికి తీశాను. రోజూ మిట్టమధ్యాహ్నమే వాన. ఆ వాన తీరు కూడా వానలాగా లేదు. నిజం వాన సన్నగా మొదలై, పెరిగి, తగ్గి, మళ్లీ పెరుగుతుంది. ఇది ఒక్కసారిగా ఎగిరి, గరాటు ఖాళీ అయ్యేకొద్దీ నెమ్మదించి, చివరికి ఒక్క టక్కు బాగా ఆలస్యంగా పడి ఆగిపోతోంది. ఎవరో చెంబుతో నీళ్లు పోస్తున్నారు. లెక్క కట్టి చూశాను. చెంబెడు నీళ్లు ఆ గరాటులో పోస్తే, మా చేలకు పండగలాంటి వాన పడినట్టు పైవాళ్లకు కనపడుతుంది.

సచివాలయం పక్కనే ఉన్న డబ్బా దగ్గరికి పోతే ఇంకో సంగతి తెలిసింది. నేను చూసే ఊళ్లన్నింట్లో గరాటు నిండా దుమ్ము, ఎండుటాకులు, పిట్టల రెట్టలు ఉంటాయి. ఇక్కడ గరాటు కడిగిన కంచంలా తళతళలాడుతోంది. గేటు తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందని అడిగాను. ఊడ్చే ఓబులమ్మ దగ్గర అన్నారు.

ఓబులమ్మను అప్పటికే చూశాను. నేను రాగానే కుర్చీ తుడిచి, మంచినీళ్లు తెచ్చి పెట్టింది ఆమే. సన్నటి మనిషి, నెత్తి మీద కొంగు, మాట తక్కువ. నేనూ బాషా నారాయణరెడ్డీ కిటికీ దగ్గర కూర్చుని చూస్తూ ఉన్నాం. మధ్యాహ్నం అందరూ అన్నాలకు పోయిన వేళకు ఆమె చెంబు పట్టుకుని వచ్చింది. దొంగచాటుగా ఏమీ రాలేదు. గేటు బయట చెప్పులు విడిచి, తాళం తీసి, డబ్బా దగ్గర నిలబడి, చెంబు మెల్లగా వంచింది.

నారాయణరెడ్డి ఒక్క అంగలో బయటికి పోయి ఏం చేస్తాండావని గద్దించాడు. ఆమె బెదరలేదు. నీళ్లన్నీ అయ్యేదాకా ఒంపి, చెంబు దులిపి, అప్పుడు ఇటు తిరిగింది.

"నా కొడుక్కు నీళ్లు పోస్తాండా," అంది.

బాషా నాకు మెల్లగా చెప్పాడు. ఆ కేంద్రం పెట్టేటప్పుడు గుంతలు తవ్వడానికి కూలికి వచ్చినవాళ్లలో ఓబులమ్మ, ఆమె ఒక్కగానొక్క కొడుకు రామాంజి ఉన్నారు. నడి వేసవి. ఆ కుర్రాడు అక్కడే వడదెబ్బ తగిలి పడిపోయాడు, మళ్లీ లేవలేదు. తర్వాత ఊరివాళ్లే మాట్లాడి ఆమెకు సచివాలయంలో ఊడ్చే పని ఇప్పించారు. మా కంపెనీకి కాంట్రాక్టు ఇదంతా జరిగాక వచ్చింది కాబట్టి నాకీ సంగతి తెలియదు.

మిగతాది ఆమే చెప్పింది. నేలమీద కూర్చుని, ఎవరి ముఖమూ చూడకుండా చెప్పింది.

"ఈడ గుంత తవ్వతా ఉన్న్యాడు సామీ. అమ్మా, దప్పి అయితాంది, నీళ్లు తేమ్మా అన్న్యాడు. క్యాన్లో అయిపోయినాయి. ఇంటికాడికి ఉరికి చెంబు ఎత్తుకొచ్చినా. వచ్చేతలికి పడిపోయి ఉండాడు. నోట్లో పోస్తే లోపలికి పోలేదు సామీ, పక్కకు కారిపోయినాయి. ఒక్క గుటక గూడా పోలేదు. ఈ డబ్బా పెట్టినాంక ఒకనాడు ఊడ్చేకి వచ్చినా. చేతిలో నీళ్లుంటే దీంట్లో పోసినా. ఒక్క చుక్క బయటికి రాలేదు. అన్నీ లోపలికి పోయినాయి. చెవి పెట్టి విను కావాలంటే. గుటకలేసినట్ల సప్పుడు వస్తాది."

ఆ సప్పుడు నాకు తెలుసు. దొప్పలు వాలే చప్పుడు. ఆ ముక్క ఆమెకు చెప్పాల్సింది నేనే.

నారాయణరెడ్డి మాత్రం ఊరుకోలేదు. "నీ కొడుకు దప్పికని ఊరి నోట్లో మన్ను కొడతావా? ఈడ ఎంతమంది కొడుకులుండారో తెలుసునా నీకు?" అన్నాడు. ఆయన కఠినుడేమీ కాదు. ఆయన పొలమే కాదు, ఆయన్ను నమ్ముకుని గుత్తకు చేసేవాళ్ల పొలాలు కూడా ఎండిపోతున్నాయి.

నేను డబ్బా విప్పి ఆమెకు దొప్పలు చూపించాను. నీళ్లు ఎలా పడతాయో, ఎలా వాలతాయో, కింద మట్టిలోకి ఎలా పోతాయో చూపించాను. ఆమె ఓపిగ్గా అంతా చూసింది. చిన్నపిల్లాడు బొమ్మ చూపిస్తే పెద్దవాళ్లు చూసినట్టు చూసింది. చివరికి, "ఊరు బాగుండల్ల కదా సామీ. దీంట్లో పొయ్యనులే," అంది. బాషా పరుగున పోయి ఎవరింట్లోంచో ఒక మట్టి మూకుడు తెచ్చాడు. గుంజ మొదట్లో చిన్న గుంత చేసి దాన్ని కుదురుగా పెట్టాం. ఇకమీదట నీళ్లు అందులో పోసుకోమన్నాం. సరేనంది.

ఆ ఏడాది బీమా రాలేదు. నేను జరిగింది జరిగినట్టు రాసి పంపాను. ఒకసారి నమోదైన వానను తీసేసే పద్ధతి లేదని పైనుంచి జవాబు వచ్చింది. ఒక చెంబు, ఒక ముసలామె, చచ్చిపోయిన కొడుకు అంటే ఏ కంప్యూటరు అర్థం చేసుకుంటుంది? పంట పోయింది, పరిహారమూ పోయింది. కొన్ని కుటుంబాలు బెంగళూరు పోయి కట్టడం పనుల్లో చేరాయి. ఓబులమ్మను ఎవరూ ఒక్క మాట అనలేదు. కొళాయి దగ్గర ఆమె వస్తే మిగతా ఆడవాళ్లు పక్కకు జరిగేవాళ్లు, అంతే. మాటలు పడటమే దానికంటే తేలికని నాకనిపించింది.

ఆ తర్వాత సర్వీసుకు పోయిన ప్రతిసారీ ఆమె కనపడేది. మధ్యాహ్నం కాగానే మూకుట్లో నీళ్లు పోసి, కాసేపు పక్కన కూర్చుని లేచిపోయేది. గరాటు ముట్టుకునేది కాదు. దుమ్ము పట్టినా తుడిచేది కాదు, నేనే తుడుచుకునేవాణ్ని. ఒకసారి నేనే పలకరించాను.

"కాకులు తాగతాండాయి, కుక్కలు తాగతాండాయి. వానికి చేరల్యా సామీ," అంది.

ఏదో ఒకటి చెప్పాలి కదా అని, కాకి తాగితే చేరినట్టే కదమ్మా అన్నాను.

"కాకి రూపాన వచ్చేది పెద్దోళ్లు. వాడు పెండ్లి గూడా కానోడు," అంది. నా తెలివితక్కువతనానికి కోప్పడినట్టు లేదు ఆ మాట. తనకే అర్థం కాక ఎవరినైనా అడగాలని ఉన్నట్టుంది. బండి స్టార్ట్ చేసుకుని వచ్చేశాను.

ఆ చలికాలంలో ఆమె పోయింది. జ్వరం, దగ్గు, మామూలు చావే. వేరే పని మీద ఫోన్ చేసినప్పుడు బాషా మాటల మధ్యలో చెప్పాడు. కొడుకు లేడు కాబట్టి తమ్ముడి కొడుకు వచ్చి దివసాలు చేసి పోయాడట. నిజం చెప్పాలంటే, పోనీలే ఆ తల్లి బాధ తీరింది అనుకున్నాను.

మళ్లీ విత్తనాలు పడ్డాయి. మొదటి తడికి మొలకలొచ్చి, వాన ముఖం చాటేసింది. బాషా ఫోన్ వచ్చింది. ఈసారి సరదాగా మొదలుపెట్టలేదు.

"అన్నా, మల్లా పడతాండాది," అన్నాడు.

ఎవరో ఓబులమ్మను చూసి నేర్చుకున్నారనుకున్నాను. లేదా ఊరంటే పడనివాడెవడో కావాలని చేస్తున్నాడు. బాషా అప్పటికే గేటుకు కొత్త తాళం వేసి, చెవి నారాయణరెడ్డి చేతికిచ్చాడు. కంచె మీద ముళ్లకంప కూడా కప్పించారు. అయినా కంప్యూటర్లో వాన ఆగలేదు. నేను పోయి చూస్తే గరాటు నిండా దుమ్ము. నీళ్లు పోసిన జాడే లేదు. ఆ దుమ్ము చూశాక నాకు ప్రాణం కుదుటపడింది. నీళ్లు పడకుండా లెక్క పోతోందంటే అది నా శాఖే. వైరో, స్విచ్చో, పెట్టెలో చిప్పో అయ్యుంటుంది.

బ్యాగులో ఉన్న సామానంతా వాడాను. దొప్పల దగ్గరి స్విచ్చు మార్చాను. వైరు మార్చాను. లెక్క పంపే పెట్టెనే మార్చేశాను. తీసిన పాత పెట్టెను అనంతపురం తీసుకుపోయి మా బల్ల మీద నడిపిస్తే చక్కగా నడిచింది, ఒక్క దొంగ లెక్క లేదు. ఆ ఊళ్లో బిగించిన కొత్త పెట్టె మాత్రం మధ్యాహ్నం కాగానే వాన చూపించింది.

అప్పుడు కుదురుగా కూర్చుని ఆ వాన తీరు చూశాను. చూడకుండా ఉంటే బాగుండేది. ఒక్కసారిగా ఎగిరి, మెల్లగా నెమ్మదించి, చివర్లో ఒక్క టక్కు ఆలస్యంగా. వైరు చెడితే లెక్కలు పిచ్చిపట్టినట్టు వస్తాయి, ఇలా చెంబు వంచినట్టు రావు. వెనక్కి పోయి ఎప్పుడు మొదలైందో వెతికాను. పంటల కాలం కాదు కాబట్టి ఎవరూ గమనించలేదు కానీ, చలికాలం నుంచే ఉంది. బాషాను అడిగి సరిచూసుకున్నాను. ఓబులమ్మ దివసాలు అయిన మర్నాటి నుంచి.

ఇద్దరం టీ తాగి వేరే సంగతులు మాట్లాడుకున్నాం.

మర్నాడు నేను, బాషా, నారాయణరెడ్డి ముగ్గురం పొద్దు నడినెత్తికి రాకముందే కంచె లోపలికి పోయాం. నారాయణరెడ్డి గేటుకు లోపలినుంచి తాళం వేశాడు. గరాటు తీసి పక్కన పెట్టాను. ఇప్పుడు రెండు దొప్పలూ కంటికి కనపడుతున్నాయి. గుడ్డతో తుడిచి పొడిగా చేశాను. గాలి లేదు. దూరంగా గుట్ట మీద గాలిమరలు కూడా ఆగిపోయి ఉన్నాయి. చుట్టూ ఎక్కడా బోరు మోటారు చప్పుడు లేదు, రోడ్డు మీద బండి లేదు. ఎండకు కాలి ఇనుము సాగిందని తర్వాత కొందరు నాకు చెప్పారు. అదే ఎండ మిగతా ఊళ్ల మీద కూడా కాస్తుంది కదా.

దొప్ప వాలింది.

టక్కుమని ఒకటి, వెంటనే ఇంకొకటి, ఆగకుండా అటూ ఇటూ. నీళ్లు లేవు. ఎండలో మెరుస్తున్న పొడి దొప్పలు, నిండినట్టు వాలుతున్నాయి, ఒలికినట్టు లేస్తున్నాయి. నేను ముందూ వెనకా ఆలోచించకుండా, వాలబోతున్న దొప్ప కింద వేలు పెట్టాను.

ఇక్కడ జాగ్రత్తగా చెప్పాలి. దొప్ప బరువెక్కింది. ఆ బరువు నాకు కొత్త కాదు. పరీక్ష చేసేటప్పుడు నీళ్లు పోసి ఎన్నోసార్లు వేలితో ఆపి చూస్తుంటాను. నీళ్లు నిండేకొద్దీ దొప్ప వేలిని మెత్తగా కిందికి ఒత్తుతుంది. అచ్చంగా అలాగే, కొంచెం కొంచెంగా, ఒత్తింది. వేలు తీసేశాను. టక్కుమంది. వేలు చూసుకున్నాను. తడి లేదు.

చప్పుళ్లు నెమ్మదించాయి. చివరి టక్కు ఆలస్యంగా వచ్చింది. తర్వాత ఏమీ లేదు.

నాకు భయం వేసింది. బాషా వాళ్ల ప్రార్థనేదో పెదాల్లో చదువుకుంటున్నాడు. నారాయణరెడ్డి భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. డబ్బా వైపు తిరిగి, ఇంటి మనిషితో మాట్లాడినట్టు మాట్లాడాడు.

"బతికున్నన్ని దినాలు ఊరి కోసం ఆపుకొన్న్యావు. సాల్లే ఓబులమ్మా. నీ కొడుక్కు నువ్వు పోసుకో. డబ్బానే మేం యాడికన్నా తీసకపోతాం."

అప్పటిదాకా నేను దాన్ని మిషను రోగంగానే చూస్తున్నాను. ఆయన ఆ మాట అన్నాక నాకు మూకుడు గుర్తొచ్చింది. అది గుంజ మొదట్లో అలాగే ఉంది, అడుగున ఎండిపోయిన మన్నుతో.

ఆ సాయంత్రమే రిపోర్టు రాశాను. కేంద్రం కట్టడానికి మరీ దగ్గరగా ఉంది, కొలతకు ఈ స్థలం పనికిరాదు, మార్చాలి అని. అది అబద్ధం కూడా కాదు, సచివాలయం గోడ నిజంగానే దగ్గర. ఊరి అవతల తన పొలంలో ఒక మూల నారాయణరెడ్డి స్థలం ఇచ్చాడు. స్తంభం, పలక, పెట్టె అక్కడికి మార్చి, కొత్త వాన డబ్బా బిగించాను. బిగించిన రోజు మధ్యాహ్నమంతా దాని పక్కనే కూర్చున్నాను. అది నోరు మెదపలేదు. ఆ తర్వాత కూడా అబద్ధం చెప్పలేదు. తప్పు మొదలైన కాలం, స్థలం మార్చిన కారణం కాగితం మీద ఉన్నాయి కాబట్టి, దొంగ వానను ఈసారి పక్కన పెట్టారు. ఆ ఏడాది ఊరికి బీమా వచ్చింది.

పాత డబ్బాను వెనక్కి తెచ్చి స్టోరులో ఇవ్వాలి. గుంజ నుంచి విప్పడానికి పానా తీశాను. నారాయణరెడ్డి వచ్చి నా చేయి పట్టుకున్నాడు.

"దాన్ని ఉండనీప్పా," అన్నాడు.

వైరు మాత్రం కోసేసి, గరాటు మళ్లీ పైన పెట్టి, డబ్బాను అలాగే వదిలేశాను. స్టోరువాళ్లతో, దాన్ని దొంగలు ఎత్తుకుపోయారని చెప్పాను. మోటారు వైర్లే ఉంచని మా వైపు ఆ మాటను ఎవరూ శంకించరు.

దీన్ని ఇంజనీర్లకు చెప్పి చూశాను. ఒకాయన అయస్కాంతం అన్నాడు, ఒకాయన భూమి అదురు అన్నాడు, మా మేనేజరు నాకు సెలవు కావాలేమో అన్నాడు. అయస్కాంతం స్విచ్చును కదిలిస్తుంది, దొప్పను నింపదు. భూమి అదిరితే మిట్టమధ్యాహ్నం చూసుకుని అదరదు. నా వేలికి తెలిసిన బరువుకు ఎవరూ కారణం చెప్పలేదు. నాకూ తెలియదు. దయ్యాలున్నాయా అంటే ఇప్పటికీ లేవనే అంటాను. ఇది మాత్రం ఏమిటో చెప్పలేను.

ఈ వేసవిలో కొత్త డబ్బా సర్వీసుకు మళ్లీ ఆ ఊరు పోయాను. పని అయ్యాక పాత కంచె వైపు బండి తిప్పాను. గేటుకు తాళం లేదు, అవసరం లేదు. లోపల చెత్త లేకుండా ఎవరో ఊడ్చి ఉన్నారు. కొళాయి దగ్గర పక్కకు జరిగిన ఆడవాళ్లే వంతులవారీగా ఊడుస్తున్నారని బాషా చెప్పాడు. నీళ్లు ఎవరూ పోయరట. అది ఆమె పని అంటారట.

పొద్దు నడినెత్తిన ఉంది. కాలుతున్న రేకు మీద తువ్వాలు మడిచి వేసి, దాని మీద చెవి ఆనించాను. దానికి వైరు లేదు, కరెంటు లేదు. అది చెప్పేది ఏ కంప్యూటరుకూ చేరదు, ఎవరి పంటకూ అడ్డం కాదు.

లోపల మొదలైంది. ఒకదాని వెంట ఒకటి, గబగబా. ఆబగా తాగేవాడి గుటకల్లాగే ఉందని ఆమె చెప్పినప్పుడు నేను ఒప్పుకోలేదు.

నా బ్యాగులో నీళ్ల బాటిల్ ఉంది. పొద్దుటినుంచి ఎండలో తిరిగి నాలుక పిడచకట్టుకుపోయి ఉంది. ఆ చివరి టక్కు పడేదాకా నేను దాని మూత తీయలేకపోయాను.